తక్కువ బడ్జెట్‌లో గేమింగ్ పీసీ: ఏ పార్టుకి ఏది కుదురుతుందో చూసుకోవడం ఎలా

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి, అదే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి ఏ కౌంటర్ దగ్గరైనా "అన్నా, ఈ గ్రాఫిక్స్ కార్డు ఈ మదర్‌బోర్డుకి సెట్ అవుతుందా?" అని అడగండి. "అయిపోద్ది" అనే అంటారు. అది అబద్ధమేమీ కాదు. స్లాట్‌లో దూరుతుంది, స్క్రూ పడుతుంది, చాలాసార్లు డిస్‌ప్లే కూడా వస్తుంది. కాకపోతే దూరడం వేరు, కుదరడం వేరు. కార్డు దూరాక కూడా అది సగం స్పీడుతో నడవచ్చు, ఎస్ఎంపీఎస్ (పార్టులకి కరెంటు ఇచ్చే డబ్బా) లోడు తట్టుకోలేక గేమ్ మధ్యలో సిస్టమ్ ఆగిపోవచ్చు, అసలు ఆన్ కాకపోనూవచ్చు.

నాకు ఈ మూడోదే జరిగింది. ఏఎండీ వాళ్ల రైజెన్ 5 5600 ప్రాసెసరు, బి450 బోర్డు కొన్నాను. రెండూ ఏఎం4 సాకెట్టే (ప్రాసెసర్ కూర్చునే గూడు), పిన్నులు చక్కగా కూర్చున్నాయి, ఫ్యాన్లు తిరిగాయి, స్క్రీన్ మీద మాత్రం ఏమీ లేదు. రెండు రోజులు ర్యామ్ తీసి పిల్లల రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాను, కేబుళ్లు మార్చాను, ప్రాసెసరే పోయిందేమోనని ఒకటే టెన్షన్. చివరికి తేలిందేమిటంటే ఆ బోర్డు షెల్ఫులో ఎప్పటినుంచో ఉన్న పాత స్టాకు, దాని బయోస్ (బోర్డుని మేల్కొలిపే లోపలి సాఫ్ట్‌వేర్) నాటికి రైజెన్ 5000 సిరీస్ పుట్టనే లేదు. రిపేరు కుర్రాడొకడు పాత రైజెన్ చిప్ పెట్టి, బయోస్ అప్‌డేట్ చేసి, నా చిప్ తిరిగి పెట్టాడు, పది నిమిషాల్లో అయిపోయింది. కొనేముందు ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఏమేం అడగాలో, ఏ వరసలో చూసుకోవాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు కాగితం, తర్వాతే షాపు

కొనే వరస, ఎంచుకునే వరస ఒకటి కాదు. చాలామంది ముందు ప్రాసెసర్ దగ్గర మొదలుపెడతారు, "ఐ7 పెట్టించాలి" అని. గేమింగ్‌కి అది తలకిందులు. ఏ గేములు ఆడతారు, ఏ మానిటర్ మీద ఆడతారు, ముందు అది రాసుకోండి. వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివి మాత్రమే ఆడేవాళ్లకి ప్రాసెసర్ మీద బరువు ఎక్కువ, కార్డు మధ్యస్థంగా ఉన్నా నడిచిపోతుంది. పెద్ద పెద్ద ఓపెన్ వరల్డ్ గేములు ఆడాలంటే కార్డు మీదే డబ్బు పెట్టాలి. మానిటర్ రిజల్యూషన్ 1080పీ అయితే ఒక లెక్క, 1440పీ అయితే ఇంకో లెక్క. తక్కువ బడ్జెట్ అంటే 1080పీ దగ్గరే ఆగండి, అందులో మొహమాటం ఏమీ లేదు.

బడ్జెట్ రాసేటప్పుడు మానిటర్, కీబోర్డు, మౌసు, హెడ్‌సెట్, యూపీఎస్, విండోస్ అన్నీ కలిపి రాయండి. "అరవై వేలు ఉన్నాయి" అని అరవై వేలూ క్యాబినెట్‌లో పోసి, తర్వాత ఇంట్లో పాత పదిహేడంగుళాల మానిటర్‌కి పెట్టుకుని ఆడేవాళ్లని చూశాను. క్యాబినెట్ లోపలికి వెళ్లే డబ్బులో మూడో వంతు నుంచి నలభై శాతం దాకా కార్డుకి పక్కన పెట్టి, మిగతాది మిగతా వాటికి పంచండి. రేట్లు వారం వారం మారుతుంటాయి కాబట్టి నేను ఇక్కడ ధరలు రాయడం లేదు, మీరు కొనే రోజున చూసుకోండి. 18 శాతం జీఎస్టీ కలిపి చెబుతున్నారా, కలపకుండానా అన్నది కూడా అడగండి, ఫోన్‌లో చెప్పిన రేటుకి, బిల్లులో పడిన రేటుకి తేడా తరచుగా అక్కడే వస్తుంది.

గ్రాఫిక్స్ కార్డు

ఈ రోజుల్లో కొత్తగా కొంటే 8 జీబీ మెమొరీకి తగ్గొద్దు. ఆర్ఎక్స్ 6600, ఆర్ఎక్స్ 7600, ఆర్‌టీఎక్స్ 4060, ఆర్‌టీఎక్స్ 5060, ఇవన్నీ ఆ కోవలోవే. ఇంటెల్ ఆర్క్ బి580కి 12 జీబీ ఉంది. కార్డు పేరు తర్వాత మూడు సంగతులు రాసుకోండి: ఎన్ని వాట్లు తాగుతుంది, ఎంత పొడవు, ఎన్ని పీసీఐఈ లేన్లు (కార్డుకి, బోర్డుకి మధ్య డేటా నడిచే దారులు) వాడుతుంది.

వాట్లు, పొడవు గురించి కింద వస్తుంది. లేన్ల గురించి షాపులో ఎవరూ చెప్పరు, అందుకే ఇక్కడ కాస్త ఆగుదాం. కార్డు స్లాట్ చూడ్డానికి పొడుగ్గా పదహారు లేన్లదే, కానీ తక్కువ ధర కార్డుల్లో చాలావరకు ఎనిమిదే వాడతాయి, ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ అయితే నాలుగే. పీసీఐఈ 4.0 బోర్డులో ఆ నాలుగు లేన్లతో ఎలాగో నెట్టుకొస్తుంది. పాత 3.0 బోర్డులో పెడితే దారి వెడల్పు సగానికి పడిపోతుంది, దానికున్న 4 జీబీ మెమొరీ నిండగానే గేమ్ కుదుపులు మొదలవుతాయి. ఎనిమిది లేన్ల కార్డులకి 3.0 బోర్డులో నష్టం చాలా తక్కువ, దానికి భయపడక్కర్లేదు. అంటే పాత సిస్టమ్‌కి కార్డు మాత్రమే మార్చుకుందాం అనుకునేవాళ్లు, సరిగ్గా వాళ్లే, నాలుగు లేన్ల చౌక కార్డుకి దూరంగా ఉండాలి. విచిత్రం ఏమిటంటే దాన్ని ఎక్కువగా కొనేది కూడా వాళ్లే.

ఆర్క్ కార్డు తీసుకుంటే బయోస్‌లో రీసైజబుల్ బార్ అనే సెట్టింగ్ ఆన్ అయి ఉండాలి. ఇంటెల్ పదో తరం, రైజెన్ 3000 సిరీస్ నుంచి ఉన్న సిస్టమ్‌లకే అది తీసుకోండి. వాటిలో కూడా ప్రాసెసర్ మరీ చిన్నదైతే ఆ కార్డు బలం పూర్తిగా బయటికి రాదు.

సెకండ్ హ్యాండ్ కార్డు తప్పేమీ కాదు. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం మైనింగ్ ఆగిపోయాక బోలెడన్ని కార్డులు మార్కెట్‌లోకి వచ్చాయి, వాటిలో ఇప్పటికీ బాగా నడిచేవి ఉన్నాయి. కానీ మీ కళ్ల ముందు కనీసం అరగంట గేమ్ నడిపించి చూపించాలి, జీపీయూ-జెడ్ అనే చిన్న ఫ్రీ సాఫ్ట్‌వేర్ తెరిచి చిప్ పేరు, షేడర్ల (చిప్‌లో బొమ్మ లెక్కలు చేసే చిన్న యూనిట్లు) సంఖ్య చూడాలి. ఆర్ఎక్స్ 580 పేరుతో రెండు రకాలున్నాయి. ఒకదానికి 2304 షేడర్లు, ఇంకోదానికి 2048. డబ్బా మీద పెద్ద అక్షరాలు చాలాసార్లు రెండింటికీ ఒకేలా ఉంటాయి. ఇంకా ఘోరం, ఏదో పాత చిప్‌కి బయోస్ మార్చి జీటీఎక్స్ 1050 టీఐ అని అంటగట్టేవాళ్లు కూడా ఉన్నారు.

ప్రాసెసర్: నంబర్ చివర అక్షరం చూడండి

ఇంటెల్‌లో చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు లేకుండా డిస్‌ప్లే రాదు. కె ఉంటే ఓవర్‌క్లాకింగ్‌ది (కంపెనీ పెట్టిన స్పీడుని మించి నడపడానికి), డబ్బాలో కూలర్ రాదు, తక్కువ బడ్జెట్‌లో దాని జోలికి వెళ్లకండి. ఐ3-12100ఎఫ్‌కి నాలుగు కోర్లు, ఐ5-12400ఎఫ్‌కి ఆరు. ఎలాగోలా ఆరు కోర్ల దాకా సర్దుకోండి.

రైజెన్‌లో ఇంకాస్త జాగ్రత్త కావాలి. 5500, 5600, 5600జి, మూడింటికీ ఆరు కోర్లే, పేర్లు అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ 5600కి 32 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన చిన్న మెమొరీ), పీసీఐఈ 4.0 ఉన్నాయి. మిగతా రెండిటికీ 16 ఎంబీ, పీసీఐఈ 3.0. కార్డు పెట్టి ఆడేవాళ్లకి 5600. కార్డుకి ఇప్పుడు డబ్బు లేదు, ఆరు నెలల తర్వాత కొంటాను, అప్పటిదాకా చిన్న గేములతో కాలక్షేపం చేస్తాను అనేవాళ్లకి 5600జి, ఎందుకంటే దాంట్లో గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది.

సోషల్ మీడియాలో కనబడే "పదిహేను వేలకే ఐ7 గేమింగ్ పీసీ" గురించి ఒక మాట. ఐ7 అని పెద్దగా రాస్తారు, ఎన్నో జనరేషనో రాయరు. చాలావరకు అది ఐ7-2600, 2011లో వచ్చిన చిప్, డీడీఆర్3 ర్యామ్, హెచ్61 బోర్డు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11కి అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు కావాలి. విండోస్ 11 మీద వాలొరెంట్ కూడా ఆ టీపీఎం, సెక్యూర్ బూట్ అడుగుతుంది. క్యాబినెట్‌లో రంగురంగుల లైట్లు చూసి మోసపోకండి.

మదర్‌బోర్డు

ముందు సాకెట్. ఇంటెల్ 12, 13, 14 తరాలకి ఎల్‌జీఏ 1700. రైజెన్ 5000 వరకు ఏఎం4, రైజెన్ 7000 నుంచి ఏఎం5. సాకెట్ కలిస్తే దూరుతుంది, అంతే. కుదరడానికి ఇంకో రెండు చూడాలి.

ఒకటి బయోస్. నా కథ పైన చెప్పాను. అలాగే ఇంటెల్ 600 సిరీస్ బోర్డులు, అంటే హెచ్610, బి660, 12వ తరంతో పాటు వచ్చినవి. పాత స్టాకు అయితే 13, 14 తరాల చిప్‌లకి బయోస్ అప్‌డేట్ కావాలి. బోర్డు తయారుచేసిన కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీకి వెళ్తే సీపీయూ సపోర్ట్ లిస్టు ఉంటుంది, మీ ప్రాసెసర్ పక్కన ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో రాసి ఉంటుంది. షాపులో "బయోస్ అప్‌డేట్ చేసి ఇస్తారా?" అని అడిగి, వాళ్ల దగ్గరే ఆన్ చేయించి చూసుకోండి. బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు అయితే ప్రాసెసర్ లేకపోయినా పెన్‌డ్రైవ్‌తో మీరే చేసుకోవచ్చు.

రెండోది చిప్‌సెట్, అంటే బోర్డు ఏమేం చేయగలదో తేల్చే చిప్. ఏఎం4లో బి450, ఏ520 బోర్డులకి కార్డు స్లాట్ పీసీఐఈ 3.0, బి550కి 4.0. ఇంటెల్ వైపు హెచ్610 కూడా కార్డుకి 4.0 ఇస్తుంది, కానీ ర్యామ్ స్లాట్లు రెండే, ర్యామ్‌ని ఓవర్‌క్లాక్ చేయనివ్వదు. అంటే హెచ్610 డీడీఆర్4 బోర్డులో 12400ఎఫ్ పెట్టి 3600 స్పీడు ర్యామ్ కొంటే అది 3200 దగ్గరే నడుస్తుంది, మిగతా డబ్బు దండగ. ఇక అతి చౌక బోర్డు మీద పెద్ద ఐ7 పెట్టకండి, ప్రాసెసర్‌కి కరెంటు ఇచ్చే భాగం వేడెక్కి స్పీడు తగ్గించేస్తుంది.

ర్యామ్: డీడీఆర్4 కాదు, డీడీఆర్5 కాదు, బోర్డు ఏదంటే అది

రెండింటికీ పిన్నులు 288, గాటు మాత్రం వేరే చోట ఉంటుంది. బలవంతంగా నొక్కితే స్లాటు విరుగుతుంది. ఏఎం4కి డీడీఆర్4, ఏఎం5కి డీడీఆర్5. ఎల్‌జీఏ 1700లో ఒకే పేరున్న బోర్డు రెండు రకాలుగా దొరుకుతుంది, పేరు చివర డీ4 అని ఉందో లేదో చూసుకోండి, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి, అందువల్ల "కొంచెం ఎక్కువ పెట్టి ఏఎం5 తీసుకో, ముందుముందు అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు" అని నేను ఇదివరకు ఇచ్చిన సలహా ఇప్పుడు అందరికీ ఇవ్వలేను. ఏఎం5 సాకెట్‌ని 2027, ఆ తర్వాత దాకా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది, అది నిజంగా పెద్ద లాభం. కానీ ఆ లాభం కోసం ఇవాళ కార్డు ఒక మెట్టు దింపుకోవాల్సి వస్తే దింపుకోవద్దు. ఇంట్లో పాత డీడీఆర్4 ర్యామ్ ఉంటే ఏఎం4 బంగారం.

16 జీబీ కావాలంటే 8+8 తీసుకోండి, ఒకే 16 స్టిక్కు కాదు. రెండు స్టిక్కులు డ్యూయల్ చానెల్‌లో, అంటే రెండు దారుల్లో ఒకేసారి నడుస్తాయి. 5600జి లాంటి లోపలి గ్రాఫిక్స్‌కి ఇది తప్పనిసరి, అది ర్యామ్‌నే తన మెమొరీగా వాడుకుంటుంది కాబట్టి ఒక్క స్టిక్కుతో ఫ్రేములు ఘోరంగా పడిపోతాయి. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్కుల్ని ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోదిలో పెట్టాలి. పక్కపక్కన కాదు.

ఎస్ఎంపీఎస్ దగ్గర పిసినారితనం వద్దు

లెక్క కష్టమేమీ కాదు. 12400ఎఫ్ గట్టిగా పనిచేస్తే 117 వాట్లు, ఆర్ఎక్స్ 6600 132 వాట్లు, బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నీ కలిపి ఓ 50 అనుకోండి. మూడు వందలు. కార్డులు క్షణకాలం పైకి ఎగురుతుంటాయి కాబట్టి మంచి కంపెనీది 450 సరిపోతుంది, 550 అయితే నిశ్చింత. ఆర్‌టీఎక్స్ 4060, 5060, ఆర్ఎక్స్ 7600లకి కంపెనీలు చెప్పేది 550, బి580కి 600.

కానీ వాట్ల సంఖ్య కన్నా ఎవరు తయారుచేశారన్నది ముఖ్యం. క్యాబినెట్‌తో పాటు "ఫ్రీ"గా వచ్చే ఎస్ఎంపీఎస్ మీద 500 అని స్టిక్కర్ ఉంటుంది, అది స్టిక్కరే. లేబుల్ మీద 12 వోల్టుల వరసలో ఎన్ని యాంపియర్లు రాశారో చూసి పన్నెండుతో హెచ్చించండి, 500 అన్నదానికి ఆ దరిదాపుల్లోకి కూడా రాకపోతే అక్కడే పెట్టేసి రండి. 80 ప్లస్ అన్న గుర్తు ఎంత కరెంటు వృథా కాకుండా వాడుతుందో చెబుతుంది, అంతేగానీ షార్ట్ అయితే కాపాడుతుందని హామీ కాదు. అయినా ఆ గుర్తు కూడా లేనిదాన్ని ముట్టుకోకండి. అది పోతే ఒక్కటే పోదు, పోతూ పోతూ బోర్డునో కార్డునో తీసుకుపోతుంది.

కేబుళ్లలో ఒక తికమక ఉంది. ప్రాసెసర్‌కి వెళ్లే 8 పిన్ 4+4గా విడిపోతుంది, కార్డుకి వెళ్లే 8 పిన్ 6+2గా విడిపోతుంది. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకటి కాదు. దూరడం లేదంటే దూర్చకండి. మాడ్యులర్ ఎస్ఎంపీఎస్ (కేబుళ్లు ఊడదీసే రకం) అయితే ఒక కంపెనీ కేబుల్ ఇంకో కంపెనీ ఎస్ఎంపీఎస్‌కి అస్సలు పెట్టొద్దు, అది దూరుతుంది కూడా, అదే ప్రమాదం.

యూపీఎస్ కూడా ఇక్కడే లెక్కేసుకోండి. ఇళ్లలో సాధారణంగా ఉండే 600 వీఏ యూపీఎస్ అంటే ఇచ్చేది దాదాపు 360 వాట్లే. గేమ్ నడుస్తుండగా కరెంటు పోతే మానిటర్‌తో కలిపి అంచుకి వచ్చేస్తుంది. ఇంకో సంగతి, క్యాబినెట్ ఇనుము ముట్టుకుంటే జివ్వుమంటోందా? చాలావరకు అది పీసీ తప్పు కాదు, మీ ప్లగ్‌కి ఎర్తింగ్ లేకపోవడమే. కొత్త కార్డు కొనే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఎస్ఎస్‌డీ, క్యాబినెట్

ఎస్ఎస్‌డీ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఎన్‌వీఎంఈ (వేగమైన రకం) ఎం.2 2280 (బోర్డు మీదే పెట్టే పట్టీ సైజు) తీసుకోండి, వీలైతే 1 టీబీ. ఎం.2 ఆకారంలోనే సాటా అనే నెమ్మది రకం కూడా ఉంటుంది, బోర్డు ఏది తీసుకుంటుందో చూసుకోండి. కొన్ని బోర్డుల్లో ఎం.2 నింపితే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయవు. పాత హార్డ్ డిస్క్ కనిపించడం లేదని కంగారు పడకుండా వేరే పోర్టుకి మార్చి చూడండి.

క్యాబినెట్‌కి మూడు కొలతలు: బోర్డు సైజు, కార్డు పొడవు, కూలర్ ఎత్తు. మైక్రో ఏటీఎక్స్ బోర్డు 244 మిల్లీమీటర్ల చదరం, పూర్తి ఏటీఎక్స్ 305 బై 244. చిన్న బోర్డు పెద్ద క్యాబినెట్‌లో పడుతుంది, పెద్దది చిన్నదాంట్లో పడదు. కార్డు పొడవు చూసేటప్పుడు ముందు ఫ్యాన్ల మందం తీసేసి లెక్కపెట్టండి. మే నెలలో బెజవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో ఆడేవాళ్లయితే ముందు భాగం మొత్తం అద్దం ఉన్న క్యాబినెట్ ఎంత అందంగా ఉన్నా వదిలేసి, జాలీ ఉన్నది తీసుకోండి. ఫ్యాన్ల లైట్లకి రెండు రకాల కనెక్టర్లు ఉంటాయి, 12 వోల్టుల నాలుగు పిన్నులది, 5 వోల్టుల మూడు పిన్నులది. 5 వోల్టుల లైట్‌ని 12లో పెడితే ఒక్క మెరుపు, అంతే.

ఇప్పుడు షాపుకి

కాగితం మీద లిస్టు పూర్తయ్యాక పీసీపార్ట్‌పికర్ సైట్‌లో భారత్ ఎంచుకుని అన్ని పార్టులూ ఎక్కించండి, సాకెట్, పొడవు, వాట్లు సరిపోకపోతే హెచ్చరిస్తుంది. బయోస్ దగ్గర "అప్‌డేట్ అవసరం పడొచ్చు" అని వస్తే తేలిగ్గా తీసుకోకండి. ఉదాహరణకి ఇవాళ నన్నెవరైనా అడిగితే నేను రాసిచ్చేది: రైజెన్ 5 5600 దాని డబ్బాలో వచ్చే కూలర్‌తోనే, బి550 మైక్రో ఏటీఎక్స్ బోర్డు, 8+8 డీడీఆర్4 3200, ఆర్ఎక్స్ 6600 లేదా డబ్బుంటే ఆర్‌టీఎక్స్ 5060, మంచి 550 వాట్ల ఎస్ఎంపీఎస్, 1 టీబీ ఎన్‌వీఎంఈ, జాలీ క్యాబినెట్. ఏదైనా దొరకకపోతే షాపువాళ్లు "దాని బదులు ఇది" అంటారు, అక్కడే సరే అనకండి. బయటికొచ్చి టీ తాగుతూ ఆ కొత్త పార్టుని లిస్టులో పెట్టి మళ్లీ చూడండి, ఒక పార్టు మారితే దాని వెనకాల రెండు మారాల్సి రావచ్చు.

బిల్లులో ప్రతి పార్టు మోడల్ పూర్తి పేరు, సీరియల్ నంబర్ రాయించుకోండి, "గేమింగ్ పీసీ - 1" అని ఒక్క లైన్‌తో బిల్లిస్తే వారంటీ దగ్గర తిప్పలు మీకే. డబ్బాలన్నీ ఇంటికి తెచ్చుకోండి.

ఇంటికొచ్చాక మూడు పనులు. మానిటర్ కేబుల్ బోర్డుకి కాదు, కిందున్న గ్రాఫిక్స్ కార్డుకి పెట్టండి. నవ్వొద్దు, నెలల తరబడి బోర్డుకి పెట్టుకుని "కార్డు వేస్ట్ బ్రో" అన్నవాళ్లు నాకు తెలుసు. బయోస్‌లోకి వెళ్లి ర్యామ్‌కి ఎక్స్ఎంపీ, ఏఎం5 అయితే ఎక్స్‌పో అనే స్పీడు సెట్టింగ్ ఆన్ చేయండి, లేకపోతే 3200 ర్యామ్ 2133 లేదా 2400 దగ్గర నిద్రపోతూ ఉంటుంది. తర్వాత విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి చూడండి, మీ 144 హెర్ట్జ్ మానిటర్ ఇంకా 60 దగ్గరే ఉండి ఉంటుంది.